వంకర పువ్వు, రెండు కెమెరాలు

మా బావమరిది కెమెరాకు ఒక మంచం కావాలి. మాట వరసకు అనడం లేదు. వాడు మక్తల్ నుంచి నల్లగొండలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా హాల్లోని దివాన్ మీద అది పడుకుంటుంది, వాడు కింద చాప మీద పడుకుంటాడు. దానికొక సంచి, సంచిలో అరలు, అరకొక లెన్సు, లెన్సుకు మూత, మూత పోకుండా దారం. దుమ్ము ఊదడానికి రబ్బరు బుడ్డి. తుడవడానికి ఒక మెత్తటి బట్ట, ఆ బట్టకు దుమ్ము అంటకుండా ఇంకో చిన్న సంచి. మా ఆవిడ పుట్టింటి బంగారానికి కూడా మా ఇంట్లో ఇంత మర్యాద జరగలేదు.

దాన్ని మిర్రర్‌లెస్ అంటారని, పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్లు వాడేది అదేనని వాడు మొదటిసారి చెప్పినప్పుడు, పాత కెమెరాల్లో లోపల అద్దం ఉండేదట, ఇందులో తీసేశారట అని నేను మా వదినకు వివరించాను. ఉన్నది తీసేసి రేటెట్ల పెంచిన్రని ఆమె అడిగింది. బావమరిది ఆ సాయంత్రమంతా ఆమెకు సెన్సారు గురించి చెప్పాడు. ఆమె చిక్కుడుకాయల నార తీస్తూ విన్నది.

నా కెమెరా చొక్కా జేబులో పడుతుంది. తెలంగాణ వచ్చిన ఏడాది కొన్నాను. రాష్ట్రం కొత్తది వచ్చింది కదా, ఇంట్లోనూ ఏదో ఒకటి కొత్తది ఉండాలనిపించింది. మీట నొక్కితే ముక్కు బయటికి పెడుతుంది, ఫ్లాష్ కొడుతుంది, ముక్కు లోపలికి లాక్కుంటుంది. దానికి వచ్చిన విద్యలు అవే. దాని కంట పడితే ఎంతటి శాంతమూర్తి కళ్ళైనా ఎర్రబడాల్సిందే. పైగా దాని గడియారం ఎప్పుడో చెడిపోయింది. ఎప్పుడు తెరిచినా అది తాను తయారైన ఏడాది మొదటి తారీఖునే నిద్ర లేస్తుంది, ఆ తారీఖునే ఫోటో మూలన నారింజ రంగులో అచ్చేస్తుంది. ఆపడం నాకు చేతకాలేదు.

రెండింటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. వాడి కెమెరాకు పక్షపాతం. ఒక కన్ను, ఒక ముక్కుపుడక, ఒక పువ్వు, ఏదో ఒకదాని మీద మనసు పడుతుంది, మిగతా లోకాన్నంతా ఆవిరి చేసేస్తుంది. ఆ ఆవిరిని వాడు బ్లర్ అంటాడు, దేవుడి పేరు తలుచుకున్నంత భక్తిగా. ఒకసారి పెళ్ళికి ముందు ఫోటోల కోసం ఒక జంటను కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్ళాడు. తీసుకొచ్చిన ఫోటోల్లో పిల్ల కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు. నది ఏదిరా అంటే, వెనకాల నీలంగా ఉన్నదే అన్నాడు. ఆ నీలం కోసం అంతదూరం ఎందుకు, మక్తల్‌లో ఎవరి ప్రహరీకైనా ఉంటుంది. నా కెమెరాకు పక్షపాతమే తెలియదు. మనిషి, మనిషి వెనక బకెట్టు, బకెట్టు వెనక కేబుల్ వైరు, అన్నీ దానికి సమానమే. మా పెళ్ళిరోజు ఫోటోలో మా ఆవిడ కన్నా గ్యాస్ సిలిండరే కళగా వచ్చింది. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈ రెండు కెమెరాలూ దేని ఇంట్లో అది ఉండుంటే బాగుండేది. మా అన్న చీర మధ్యలోకి రావడంతో గొడవ మొదలైంది.

మా అన్నా వదినలది రామన్నపేట దగ్గర ఊరు, మగ్గం పని. ఇక్కత్ నేస్తారు. దారానికి ముందే సైకిల్ ట్యూబు పట్టీలతో ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ రంగుల దారాలను మగ్గం మీద కలిపి పువ్వు రప్పిస్తారు. ముడి కింద రంగు కాస్త పాకుతుంది కాబట్టి పువ్వు అంచు ఎప్పుడూ కొద్దిగా మసకగా ఉంటుంది. అది అసలు ఇక్కత్ అనడానికి ఆ మసకే సాక్ష్యం. ఇన్నేళ్ళూ వాళ్ళు సేటు నూలు మీద, సేటు చెప్పిన డిజైన్ మీద నేశారు. చీర సేటుది, కూలి వీళ్ళది. ఆ ఏడు మాత్రం వదిన పట్టుబట్టి సొంత పట్టు కొనిపించింది, సొంతంగా ఒక పువ్వు గీసింది, తానే ముడులు కట్టింది. తొలి సొంత చీర. ఇది అమ్ముడుపోతే ఇంకోటి సొంతానికే ఎక్కిస్తాం, పోకుంటే మళ్ళీ సేటు గడపే అని అన్న ముందే చెప్పేశాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, చెప్పింది మార్చే మనిషీ కాదు.

చీర మంచిగా దిగింది. కొంగు మూలన ఒక్క చోట ముడి జారి ఒక పువ్వు పక్కకు ఒరిగింది. అది తప్ప ఒక్క లోపం లేదు. చేనేత చీరలు కొనే ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటి ఉందని మా ఆఫీసులో ఒకామె చెప్పి వదినను అందులో చేర్చింది. ఇక మంచి ఫోటో పెట్టడమే తరువాయి. ఆ మాట మా ఆవిడ నోటి నుంచి మక్తల్‌కు చేరింది, మర్నాడే బావమరిది సంచితో సహా అన్న ఇంట్లో దిగాడు.

చీర మంచి పిల్లకు కట్టాలన్నాడు మొదట. కట్టిన చీరను కొత్తదని ఎట్లా అమ్ముతామని వదిన కసిరింది. అయితే వెలుతురు పక్కనుంచి రావాలని పెరట్లో దండెం మార్పించాడు. వెనకాల రేకుల దడి అడ్డమన్నాడు, దడి పీకడం కుదరదన్నాం. చివరికి మోకాళ్ళ మీద కూర్చొని, ఊపిరి బిగబట్టి, కొంగు మూలన ఒక పువ్వుకు గురిపెట్టాడు. అంత చీరలో, అన్ని పువ్వుల్లో, వాడి కెమెరా మనసుపడ్డది ఆ ఒరిగిన పువ్వు మీదే. దాని చుట్టూ ఉన్న తిన్నని పువ్వులన్నీ ఆవిరైపోయాయి. వాడు ఆ ఫోటోను లాప్‌టాప్‌లో వేసుకొని పొద్దు గూకేదాకా కూర్చున్నాడు. పువ్వు అంచులు సరిగా రాలేదని, ఫోకస్ తప్పిందేమోనని అనుకొని, ఆ మసకనంతా గీకి గీకి శుభ్రం చేశాడు. పని అయ్యాక చూస్తే పువ్వు బ్లేడుతో కోసినట్టు ఉంది.

"అక్కా, గిది జూస్తే ఎవలైనా కండ్లు మూసుకొని కొంటరు," అన్నాడు వదినతో.

నిజం చెప్పాలి, మాకూ బాగానే అనిపించింది. అంత పెద్ద కెమెరా తప్పు చేస్తుందని ఎవరనుకుంటారు. వదిన ఒక్కతే ఫోన్‌ను కాస్త దూరం పెట్టి చూసి, నా చీర గింత నున్నగుంటదా అన్నది. మేమంతా ఆమెను నవ్వి ఊరుకోబెట్టాం.

గ్రూపులో ఫోటో పెట్టిన కాసేపటికే హైదరాబాద్ ఆవిడ ఒకరు రాసింది, ఇది ప్రింటు అని. అసలు ఇక్కత్‌కు అంచులు ఇంత కోసినట్టు ఉండవని, పల్లెటూరి వాళ్ళు కూడా మోసం నేర్చారని. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మరొకరు. సాయంత్రానికి వదినను గ్రూపు నుంచి తీసేశారు. ముడులు కట్టి కట్టి ఆమె వేళ్ళ చివర్లు కాయలు కాశాయి. ఆ వేళ్ళతోనే ఫోన్ పట్టుకొని తాను మోసగత్తెనని చదువుకున్నది. నాకు ఒళ్ళు మండిపోయింది. బావమరిదికి ఫోన్ చేస్తే, కస్టమర్లకు క్వాలిటీ తెల్వదు బావా అన్నాడు.

అప్పుడు నేను జబ్బ చరిచాను. ఉన్నది ఉన్నట్టు చూపే కెమెరా నా జేబులో ఉందిగా అని. చీరను దండెం మీద పూర్తిగా పరిచి, ఒక మూల మడిచి, వెనక వైపు కూడా ముందు వైపులాగే రంగు పట్టిందని కనిపించేలా తీశాను. ప్రింటుకైతే వెనకాల వెలిసి ఉంటుంది. నా ఫోటోలో అంతా స్పష్టంగా వచ్చింది. చీర, చీర అంచుల మసక, రేకుల దడి, దడి మీద ఆరేసిన అన్న లుంగీ, పక్కింటి మేక, దాని నోట్లో ఆకు. హైదరాబాద్ ఆవిడకు విడిగా పంపాం. ఆమె పెద్దగా చేసుకొని చూసినట్టుంది, ఇది ప్రింటు కాదు, నిజమే అని ఒప్పుకున్నది. మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆ వెంటనే, మూలన తారీఖు చూశానండీ, ఇన్నేళ్ళ పాత చీరను కొత్తదని ఎందుకు చెప్పారు అని అడిగింది. కెమెరా గడియారం చెడిపోయిందని రాశాను. ఆమె నమస్కారం బొమ్మ పెట్టింది. తర్వాత మేం ఏం రాసినా చదవలేదు.

"ఒగలు నా చీరను ప్రింటు జేసిన్రు, ఇంకొగలు పాతది జేసిన్రు," అన్నది వదిన. "మీ రెండు కెమెరాలకంటె గా మేక నయం. అదొక్కటే చీరను చీర లెక్క జూసింది."

ప్రింటు అన్న మాట గ్రూపు దాటి పాకింది. నల్లగొండలో రెండు దుకాణాలకు తీసుకెళ్తే, ఫోటో మాకూ వచ్చిందండీ అని చీర విప్పకుండానే పక్కకు జరిపారు. ఫోటో ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరెవరి చేతుల్లో పడిందో మాకు అప్పుడు తెలియదు. చీర బీరువాలోకి వెళ్ళింది. అన్న మాత్రం వెంటనే సేటు దగ్గరికి పోలేదు. ఇంకొన్నాళ్ళు చూద్దామని వదిన అడ్డుపడింది, ఆయన చూశాడు.

ఈలోగా బావమరిది పెళ్ళి కుదిరింది. పెళ్ళికంటే ఆల్బమ్ మీదే వాడి ధ్యాస. ఫోటోల్లో ఒకే తీరు రావాలని తమ వైపు ఆడవాళ్ళందరికీ ఒకే రకం చీరలు హోల్‌సేల్‌లో తెప్పించాడు. మా ఆవిడ వారం ముందే పుట్టింటికి పోయింది కాబట్టి ఆ చీరను నేను చూడలేదు. మా అన్నా వదినలు దూరపు చుట్టాల లెక్కలోకి వస్తారు, వాళ్ళకు చీర రాలేదు. వదిన బీరువాలోంచి తన చీరే తీసి కట్టుకున్నది. ఎవరూ కొననప్పుడు నేనన్నా కట్టుకుంట అన్నది. తాను నేసిన చీర కట్టుకొని ఆమె బయటికి రావడం నేను చూడటం అదే మొదలు. ఆమెకు బాగుంది. చాలా బాగుంది.

మక్తల్‌లో ఫంక్షన్ హాలు గుమ్మం దాటి నాలుగడుగులు వేశామో లేదో, వదిన ఆగిపోయింది. ఎదురుగా పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు, మా ఆవిడతో సహా. అందరి ఒంటి మీదా వదిన పువ్వే. అదే రంగు, అదే పువ్వు, బ్లేడుతో కోసినట్టు. చీర పొడవునా, కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా, ప్రతి పువ్వూ ఒక పక్కకు ఒరిగి ఉంది. అచ్చు వేసినవాడికి దొరికింది ఆ ఒక్క ఫోటో, అందులో కనిపించింది ఆ ఒక్క పువ్వు. మిగతాది ఆవిరి కదా. దాన్నే వేల సార్లు అచ్చేసుకున్నాడు.

వదిన మా ఆవిడ దగ్గరికి వెళ్ళి కొంగు చివర పట్టుకొని వెనక్కి తిప్పి చూసింది. వెనకాల తెల్లగా వెలిసి ఉంది. మళ్ళీ ముందుకు తిప్పి, కొంగు సర్ది, పక్కన నిలబడ్డది. అందరూ ఆమె కూడా ఇచ్చిన చీరే కట్టుకొచ్చిందనుకున్నారు. మా అత్త అయితే మెచ్చుకున్నది కూడా.

గ్రూప్ ఫోటోకు పిలిచారు. తీసేవాడు బావమరిది దోస్తు, వాడి చేతిలోనూ అద్దం లేని కెమెరానే. బావమరిది పెళ్ళికొడుకై ఉండి కూడా తలంబ్రాల బియ్యం నెత్తి మీద నుంచి రాలుతుండగా లేచి వెళ్ళి కెమెరా తెరలోకి తొంగి చూశాడు. చూసి మొహం చిట్లించాడు. చీరలన్నీ బాగానే ఉన్నాయి, ముందు వరసలో ఒక్కటి తేడాగా ఉంది.

"అక్కా, నీ చీర ఒక్కటే వేరే గొడుతాంది," అన్నాడు. "పువ్వులు తిన్నగున్నయ్, అంచులు మసక మసకగ వస్తున్నయ్. జర వెనక వరుసల నిలవడవా?"

మోకాళ్ళ మీద కూర్చొని, ఊపిరి బిగబట్టి తాను ఫోటో తీసిన చీర అది. గుర్తుపట్టలేదు. నేను వాడి మొహం చూశాను, అందులో ఎగతాళి లేదు, మోసం లేదు, ఫోటో బాగా రావాలన్న ఆత్రం ఒక్కటే ఉంది. చెంప పగలగొట్టాలనిపించింది. పెళ్ళికొడుకు కదా అని చేయి జేబులోనే ఉంచుకున్నాను.

వదిన అంటుంది ఏదో ఒకటి అనుకున్నాను. మేకతో పోల్చిన మనిషి, ఈ పెళ్ళిమందిలో వాణ్ణి నిలువునా కడిగేస్తుందని ఎదురుచూశాను. ఆమె కుచ్చిళ్ళు పట్టుకొని వెనక వరసలోకి జరిగింది. జేబులో కెమెరా ఎట్లాగూ ఉందని నేనూ ఒక ఫోటో తీశాను. నా దాంట్లో వెనక వరస కూడా ముందు వరసంత స్పష్టంగా వచ్చింది. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. వదినవి మాత్రం ఫ్లాష్ వల్లేనని నేను చెప్పలేను.

ఊరికి వచ్చిన మర్నాడు అన్న సేటు దగ్గరికి పోయాడు. వదిన ఈసారి అడ్డుపడలేదు. సాయంత్రం ఆయన నూలు పట్టుకొని వచ్చేసరికి నేనూ అక్కడే ఉన్నాను. సేటు మంచిగానే మాట్లాడాడట, పాత సంగతులేవీ ఎత్తలేదట. బజార్ల ఇప్పుడిదే నడుస్తుందంటూ డిజైన్ కోసం ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడట. బావమరిది తీసిన ఫోటో.

వదిన నూలు చేతిలోకి తీసుకొని, దారం లాగి చూసి, పక్కన పెట్టింది.

"వంకర పువ్వు గూడ నెయ్యమన్నడా?" అని అడిగింది.

"ఉన్నది ఉన్నట్టే నెయ్యమన్నడు," అన్నాడు అన్న.