సందు చివర ఇసుక మేట

గోదావరి సముద్రంలో కలిసే చోటుని మా వైపు మొగ అంటారు. నేను పుట్టింది ఆ మొగ దగ్గరే. వరద తెచ్చిన ఇసుక అక్కడ మేట వేస్తుంది. మేట నీటిని పాయలుగా చీలుస్తుంది. ఏ పాయ బలపడితే ఆ ఒడ్డు కోసుకుపోతుంది. మా పాత ఇల్లు అలాగే పోయింది. సినిమా సెట్లకు రంగులు వేసే పని దొరికి, కృష్ణానగర్‌లో గది తీసుకున్నాక, ఇక నీళ్ల భయం లేదనుకున్నాను.

ఒక మధ్యాహ్నం కుండపోత వాన. ఫిల్మ్‌నగర్ గుట్ట మీంచి నీళ్లు మా సందులోకి దూకాయి. పైన ఇల్లు కడుతున్నవాళ్లు పోసుకున్న ఇసుకంతా వాటితోపాటు కొట్టుకొచ్చింది. సందు చివర రోడ్డు అప్పటికే చెరువులా నిండి ఉంది. పరుగున వచ్చిన నీళ్లు అక్కడ నెమ్మదించగానే ఇసుక కిందికి దిగి, నా కళ్ల ముందే మేట లేచింది. దానికి అటూ ఇటూ రెండు పాయలు. పెద్ద పాయ మా ఓనరమ్మ ప్రహరీ పునాదిని తొలిచేస్తోంది.

“గోడ కదుల్తున్నది బిడ్డా, ఏమన్న చెయ్యి!” ఆమె గేటు దగ్గర నిలబడి అరిచింది.

నేను పార తీసుకుని మేటని నడిమికి తవ్వసాగాను. ఎదురింటాయన గడ్డపారతో పరుగెత్తుకొచ్చాడు. ఆయన సినిమాల్లో ఫైటర్.

“గీడ తవ్వితే నీళ్లు నా ఇంట్లకొస్తయ్. పార కింద పెట్టు!”

“రావన్నా, మధ్యకే దారి ఇస్తున్నా.”

“నువ్వు చెప్తే నీళ్లు ఇంటయా?”

నేను ఆపలేదు. ఆయన గడ్డపార అవతల పడేసి పిడికిలి బిగించాడు. రోజూ కెమెరా ముందు తగలకుండా కొట్టే మనిషి, ఈసారి నిజంగానే కొట్టాడు. ఆ దెబ్బకి నా పన్ను విరిగి, నోరంతా రక్తం. తడి ఇసుక తీసి ఆయన కళ్లలో కొట్టి, పార కామతో మోకాలి మీద బాదాను. ఇద్దరం బురదనీళ్లలో పడి ఒకరి గొంతు ఒకరం పట్టుకున్నాం.

అప్పుడే గోడ గేటు దగ్గరున్న ఓనరమ్మ మీద కూలింది. ఆమె కేక వినబడి ఒకరినొకరం వదిలేశాం. ఆయన గడ్డపారతో రాళ్లు ఎత్తి పట్టాడు, నేను ఆమెను బయటికి లాగాను. ఆమె కాలు విరిగింది. ఆయనే కుంటుతూ భుజాన వేసుకుని, నడుంలోతు నీళ్లలో ఆటోదాకా మోశాడు. ఆమె కొన్ని నెలల తర్వాత నడిచింది గానీ, కర్ర వదల్లేదు.

ఆ రోజు ఆమెను ఆసుపత్రిలో చేర్చి మేము తిరిగొచ్చేసరికి మేట ఇంకా పెరిగి, నేను తవ్విన గాడిని పూడ్చేసింది. నీళ్లు మరోవైపు తెగి, ఆయన గేటుని పీక్కుపోయి, వంటింట్లోంచి పారుతున్నాయి. ఆయన గుమ్మం మీద కూలబడి పెద్దగా ఏడ్చాడు. నేను నోట్లో రక్తం ఉమ్మేసి, పక్కన కూర్చున్నాను.