వెనక్కి నడిచిన చేపల బండి

ఆ రోజుల్లో బందరులో బండి కొన్నవాడికి బండి మీద కంటే దాని రివర్స్ హారన్ మీదే మోజు ఎక్కువగా ఉండేది. బండి వెనక్కి వస్తోంది, తప్పుకోండి అని చెప్పడానికి పెట్టిన ఆ పరికరం మన దగ్గరికి వచ్చేసరికి పాటల పెట్టె అయిపోయింది. ఇప్పటి కార్లలో వెనకేముందో చూపించే తెరలూ, ఏదైనా అడ్డం వస్తే వాటంతటవే పడే బ్రేకులూ వచ్చాయి. రెండు వేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో మాత్రం డ్రైవరుకు సాయం చేసే సాంకేతిక విజ్ఞానం అంటే మాకు తెలిసింది ఆ పీపీ పాట ఒక్కటే. నేనప్పుడు డిగ్రీ పూర్తి చేసి, బందరులో ట్రాలీ ఆటోలు అమ్మే షోరూంలో చేరాను. రోజూ గుడివాడ నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. మెడకు టై ఉండేది. (కట్టుకోవడం చేతకాక, ఎవరిచేతో ఒకసారి ముడి వేయించి, రోజూ తల మీదుగా తొడుక్కునేవాణ్ణి.) ఆ టై చూసుకుని వాహన రంగం మొత్తం నా భుజాల మీదే నడుస్తోందనుకునేవాణ్ణి.

మా దగ్గర బండి కొన్నవాళ్ళలో మంగినపూడి దగ్గరి పల్లె నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉండేవారు. చేపల వ్యాపారం. ఆయన బండి నడిపేవాడు, ఆమె వెనక చేపల పెట్టెల పక్కన కూర్చునేది. పొద్దున్నే సరుకు ఎత్తుకుని ఘంటసాల చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవారు. ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి, ఆ లెక్కన ఆయన నాకు బావ. షోరూంలో మాత్రం అందరూ ఆయన్ని రివర్స్ బావ అనేవారు. ఎందుకంటే ఆయన ఊరి మొదటి దాకా బండిని అందరిలాగే నడిపి, అక్కడ దాన్ని తిప్పి, రివర్స్ గేరు వేసి వీధిలోకి వెనక్కి వెళ్ళేవాడు. హారన్ మోగుతూనే ఉండేది. అది వినగానే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవారు. వెనక్కి తిరిగి తిరిగి ఆయన మెడ ఒక పక్కకే ఉండిపోయింది. కొత్త బండి సంబరమని మేము తెగ నవ్వుకునేవాళ్ళం.

ఇలా ఉండగా కంపెనీ నుంచి కబురొచ్చింది. ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలిపించి ఉచితంగా బాగుచేయాలట. రివర్స్ లైటుకు వెళ్ళే వైరు డీజిల్ గొట్టాన్ని ఆనుకుని ఉందనీ, ఎక్కువసేపు కరెంటు పారితే అది వేడెక్కి, పైతొడుగు కరిగి, నిప్పు పుట్టవచ్చనీ దాని సారాంశం. వైరు మార్చాలి, దానికి షోరూం వాళ్ళు కానుకగా తగిలించిన హారన్లు తీసేయాలి. మా మేనేజరుగారు అంతా విని, "రివర్స్ గేరులో ఎవడుంటాడయ్యా ఎక్కువసేపు? నిదానంగా పిలుద్దాంలే" అన్నారు. ఆ మాట అన్నాక ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. మరుక్షణం నేను మెకానిక్కును వెంటబెట్టుకుని మంగినపూడి దారి పట్టాను.

మేము వెళ్ళేసరికి బావ బండి కడుగుతున్నాడు. విషయం చెప్పగానే ఆయనకు కోపం వచ్చింది. "పిల్లనిచ్చి కాపరానికి పంపేశాక మళ్ళీ పుట్టింటికి పంపమంటే ఊళ్ళో ఏమనుకుంటారు బామ్మర్దీ? పిల్లలో ఏదో లోపం ఉందనుకోరూ?" అన్నాడు. లోపం ఉన్నమాట నిజమే కనక ఆ సంగతి వదిలేసి, ఈమధ్య కాలిన వాసన ఏమైనా వచ్చిందా అని అడిగాను. "చేపల బండిలో వేరే వాసన ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు. మెకానిక్కు బండి కిందికి దూరి, వైరు మీద చుట్టిన గుడ్డ పట్టీ విప్పాడు. లోపల వైరు నల్లగా కమిలిపోయి ఉంది. దాని పక్కనే డీజిల్ గొట్టం కూడా ఒకచోట మెత్తబడింది.

బావ వంగి చాలాసేపు చూశాడు. "వైరు మార్చుకోండి. పాట మాత్రం తియ్యొద్దు" అన్నాడు చివరికి. పాటదేముంది బావా అని నేను నవ్వబోయాను. ఆయన గొంతు తగ్గించి, "మీ అక్క అరవలేదు కదా" అన్నాడు. అంతవరకు నేను అక్క గొంతు ఎన్నడూ వినలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. తలూపడం, నవ్వడం, వేళ్ళతో ధర చెప్పడం, అంతే. బండి కొనకముందు ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేదట, కేక వేస్తే నాలుగు వీధులు వినపడేదట. తర్వాత కంఠంలో గడ్డ లేచింది. బెజవాడలో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గాని గొంతు మాత్రం తిరిగి రాలేదు. కేక లేనిదే చేపలు అమ్ముడుపోవు. బావ పైకి మొరటు మనిషే గాని, వీధిలో నిలబడి అరవమంటే సిగ్గు. అందుకని బండి చేత అరిపించాడు. మేమంతా నవ్వుకున్న రివర్స్ గేరు కథ ఇదీ.

"పోనీ వేరే వైరు వేసి, ముందుకెళ్తూ మోగేటట్టు పెట్టండి" అన్నాడు బావ. అదీ కుదరదు. ఆ పాట వినబడితే బండి వెనక్కి వస్తోందనుకుని జనం దాని ముందువైపుకు తప్పుకుంటారు, తిన్నగా చక్రాల కిందికే వస్తారు. అదే చెప్పాను. ఆయన మొండికేశాడు. అప్పుడు మెకానిక్కు ఆ గొట్టం ఎటు వెళ్తుందో వేలితో చూపించాడు. అది అక్క కూర్చునే చోటు కిందుగానే వెళ్తోంది. బావ ఆమెను చూశాడు, గొట్టాన్ని చూశాడు. "తీసెయ్యండి" అని పక్కకు వెళ్ళిపోయాడు. మెకానిక్కు వైరూ గొట్టమూ మార్చి, హారన్ విప్పేశాడు.

మర్నాడు ఆదివారం. ఏడాదిలో ఏ రోజు పోయినా చేపలవాళ్ళకు ఆదివారం పోకూడదు. నాకు నిద్ర పట్టక, చర్చి ఎగ్గొట్టి, మొదటి బస్సుకే బయల్దేరి వాళ్ళతో బండెక్కాను. ఘంటసాల అవతల మొదటి ఊళ్ళో బండి తిన్నగా, పాట లేకుండా వీధిలోకి వెళ్ళి ఆగింది. ఒక్క గుమ్మంలోనూ మనిషి లేదు. పెట్టెల్లో చందువాలు, నెత్తళ్ళు, కరుగుతున్న ఐసు. అక్క ఆ పెట్టెల వంకే చూస్తోంది. బావ ఒకసారి నోరు తెరిచి మూసేశాడు. ఇక లాభం లేదని నేను దిగి, వీధి మధ్యలో నిలబడి, "చేపలండీ చేపలూ" అని అరిచాను. (మా చర్చి పాటల బృందంలో నన్ను చివరి వరుసలో నిలబెట్టి, పెదాలు మాత్రం కదపమనేవారు.) తలుపులు తెరుచుకున్నాయి. మొదట వచ్చిన పెద్దావిడ కంగారుగా, "ఏమైంది బాబూ, ఎవరికేమైంది?" అని అడిగింది.

చేపలండీ అన్నాను. ఆవిడ బండిని గుర్తుపట్టి, "పాట ఏమయిందమ్మా?" అని అక్కను అడిగింది. అక్క తల దించుకుని, పైట కాస్త పక్కకు జరిపి, మెడ మీద మచ్చ చూపించింది. బావ నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఆవిడ వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదేమే? బండి కొన్న గొప్పకు పాట పెట్టుకున్నారనుకున్నాం" అని, వీధి చివరికి తిరిగి, "ఒసే వదినా, మన చేపలమ్మాయి వచ్చింది, రండే" అని కేకేసింది. ఆ వదిన పక్కింటికి అందించింది, పక్కిల్లు సందులోకి అందించింది. నేను మళ్ళీ నోరు తెరవాల్సిన అవసరం ఆ ఊళ్ళో రాలేదు. అక్క చేపలు తూస్తూ, చప్పుడు లేకుండా ఏడుస్తూ, మధ్యమధ్య నవ్వుతూ ఉంది. తర్వాత్తర్వాత ఊరూరా ఇదే పద్ధతయింది. బండి ముందుకే నడిచేది, వీధి మొదట్లో ఎవరు చూస్తే వాళ్ళే కేక వేసేవారు.

ఆ సాయంత్రం బావ ఇచ్చిన రెండు చందువాలు పట్టుకుని ఇంటికి వెళ్ళి, బొంగురుపోయిన గొంతుతో అమ్మకు నా ఘనకార్యం అంతా వినిపించాను. అమ్మ చేపలు కడుగుతూ, "నీ గొంతు విని కూడా తలుపులు తీశారంటే ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళురా" అంది. నాకు రోషం వచ్చి ఆ పూట సరిగ్గా మాట్లాడలేదు. ఆ మాట అమ్మ నా గొంతు గురించి అనలేదని, ఊరి గురించి అందని తెలిసేసరికి నాకు జుట్టు నెరిసింది. కంచం ముందు మూతి ముడుచుకుని కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అలక అలకే, చందువాలు మాత్రం రెండూ వాడే తిన్నాడు.