పాత గాలి సెట్టుకు నేను పూసిన సొరనూనె

అరవైల నడుమ ఒక ఫిబ్రవరి. సోమవారం పొద్దున ఆరుగంటల పది నిమిషాలకు మా లారీ కృష్ణపట్నం ఇసుకలో దిగబడి ఆగింది. ఆగిన చోటే క్యాంపు అన్నారు లెఫ్టినెంటుగారు. పదకొండు మందిమి, మూడు గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, నలభై ఖాళీ పీపాలు. తూర్పుగాలి. అన్నంలో ఇసుక, టీలో ఇసుక. చక్కెర మాత్రం లేదు.

పని ఇది. ఏరు సముద్రంలో కలిసేచోట సరుకులు దాటించే బల్లకట్టు లాంటి ఒక ఇనప పంటు ఒరిగి మునిగింది. అడుగు ఇరవై రెండడుగుల లోతున, పైఅంచు నీటికి జానెడు కింద. రెండు పల్లెల పడవలు పదిహేను రోజులుగా వేటకు పోలేక ఒడ్డునే ఉన్నాయి. నేను దిగి పంటు అడుగున గొలుసులు కట్టాలి. నీరు తీసే పాటు వేళ వాటికి ఖాళీ పీపాలు బిగిస్తే, ఆదివారం అమావాస్య పోటు దాన్ని లేపుతుంది. ఆ పోటు తప్పితే మళ్ళీ పక్షం దాకా ఆగాలి.

మా దళంలో నీటి అడుగుకు దిగేవాణ్ణి నేనొక్కణ్ణే. వాకాడు దగ్గర చేపలు పట్టే ఇంట పుట్టాను. ఐదో తరగతిలో నేను బడి మానేశానని అమ్మ బాధపడింది. బడికి మాత్రం ఊపిరి ఆడింది.

దిగడానికి రెండు స్కూబా సెట్లు ఉన్నాయి. వీపున గాలి సీసా, నోట్లో రబ్బరు, చెవుల పక్కగా రెండు గొట్టాలు. రెండూ ముసలివే. ఒకటి బొత్తిగా పోయింది. రెండోదాంట్లో గాలి పీల్చడమంటే చెరుకు పిప్పిలోంచి రసం లాగడమే.

లెఫ్టినెంటుగారు వైర్‌లెస్ పట్టుకున్నారు.

"కొత్త సెట్టు ఎప్పటికి వస్తుంది? ఓవర్."

"ఆరు వారాలు. ఓవర్."

"అందాకా ఊపిరి బిగబట్టుకుంటామని చెప్పండి సార్," అన్నాను వెనకనుంచి.

ఆయన నవ్వలేదు. "దిగేది నువ్వు. పాతది బాగుచేయిద్దామా, కొత్తదాని కోసం ఆగుదామా? గురువారం పదింటికి నువ్వే చెప్పాలి," అన్నారు.

బాగుచేయాల్సినవాడు స్టోరు హవల్దారు. అల్లూరు రైతుబిడ్డ. వరిమడిలో మోకాలు దాటిన నీళ్ళు ఎరగడు. ఈత రాదు.

"రబ్బర్లు గట్టిపడినాయిరా," అన్నాడు సెట్టు తడిమి. "పెట్టెలో లోపలేసే కొత్త రబ్బరు బిళ్ళ ఒకటే ఉండాది. రెండు రోజులు పడతాది."

"రెండు రోజులా? మా నాయన పడవనే పూటలో బాగుచేస్తాడన్నా."

"మీ నాయన పడవ ఊపిరి పీల్చదు. పో, ఇసకలో ఆడుకో."

నాకు రోషం వచ్చింది. మా ఇంట్లో ఎండిన ప్రతిదానికీ ఒకటే మందు, సొరచేప నూనె. పడవ చెక్కకు అదే, తాడుకు అదే, తోలుకు అదే. మంగళవారం మధ్యాహ్నం హవల్దారు భోజనానికి పోగానే పల్లెలో ఒక చిప్పెడు తెచ్చాను. గొట్టాలకు పట్టించాను. నోటి రబ్బరులోంచి లోపలికీ పోశాను. మిగిలింది మోకాళ్ళకు రాసుకున్నాను.

బుధవారం ఏడింటికి సెట్టు తీసుకుని హవల్దారు ముందు నిలబడ్డాను.

"ఏందిరా ఈ కంపు?"

"సొరనూనె అన్నా. చూడు, ఎంత మెత్తబడిందో! పదింటికి దిగేస్తా."

అతను సెట్టు లాక్కున్నాడు. మరలు విప్పాడు. లోపలి రబ్బరు బిళ్ళ నీళ్ళలో నానిన అప్పడంలా ఉబ్బి ముడతలు పడింది. ఊపిరి వదిలే చోట, నీళ్ళు రాకుండా మూసుకోవాల్సిన రబ్బరు రెప్ప వంకరపోయి తెరుచుకునే ఉంది.

"రబ్బరుకి నూనె విషంరా. దీంతో దిగింటే నోట్లోకి గాలి కాదు, నీళ్ళొచ్చేవి. ఇరవై రెండడుగుల కింద ఎవురికి జోకులు చెప్తావు, రొయ్యలకా?"

మా ఇంట్లో సొరనూనె చెడగొట్టిన వస్తువు లేదు. మా ఇంట్లో రబ్బరూ లేదు.

ఆ పగలంతా అతను గుడారం నీడలో కూర్చున్నాడు. సబ్బునీళ్ళతో కడిగాడు. ఆరబెట్టాడు. మళ్ళీ కడిగాడు. పోయిన సెట్టులోంచి గొట్టాలూ రెప్పా తీసి దీనికి వేశాడు. ఉన్న ఒక్క కొత్త బిళ్ళా బిగించాడు. నన్ను దగ్గరకు రానివ్వలేదు.

గురువారం తొమ్మిదిన్నరకే లెఫ్టినెంటుగారు వచ్చారు. "ఏమైంది దీనికి?"

సర్కారు సామాను పాడుచేస్తే నా చేతి మీది హోదా గీత ఊడుతుంది. అయినా చెప్పేద్దామని నోరు తెరిచాను. హవల్దారు బూటు నా కాలి మీద పడింది.

"పాత రబ్బరు సార్. మార్చేసినా."

"మంచిది. నువ్వు చెప్పు, పాతదా, కొత్తదా?"

సముద్రం పక్కన పుట్టినవాణ్ణి, నీళ్ళంటే మొదటిసారి భయపడ్డాను. ఆరు వారాలు ఆగుదామనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒడ్డున పడవలు బోర్లించి ఉన్నాయి.

హవల్దారు చొక్కా విప్పాడు. "ఒక నిమిషం సార్. విప్పినోడు ముందు పీల్చాల. ఆ తర్వాతే వీడు."

"ఈత రాదు గదన్నా నీకు!"

"ఈదమని ఎవురు చెప్పినార్రా? కూచుంటా, అంతే."

సీసా వీపుకు కట్టుకున్నాడు. నడుముకు తాడు కట్టి కొస నాకిచ్చాడు. దేవుడికి దణ్ణం పెట్టాడు. నాకు మొట్టికాయ పెట్టాడు. రొమ్ములోతు దాకా నడిచి, అక్కడ కూర్చున్నాడు. తల మునిగింది. కుడిచెయ్యి మాత్రం పైకెత్తి ఉంచాడు. ఊపిరి పీల్చినప్పుడు పిడికిలి తెరుచుకుంది. వదిలినప్పుడు మూసుకుంది.

తొమ్మిదీ నలభై రెండు నుంచి తొమ్మిదీ యాభై రెండు దాకా. పది నిమిషాలు నేనూ ఆ చెయ్యితోపాటే ఊపిరి పీల్చి వదిలాను.

కళ్ళు ఎర్రబడి లేచాడు. "కంపు పోలేదురా. గాలి మాత్రం బ్రహ్మాండంగా వస్తాది."

"పాతదే సార్," అన్నాను.

మూడు రోజులు, ఏడు మునకలు, ఎనిమిది గొలుసులు. ఆదివారం పొద్దున పోటుకు పంటు కదిలింది. పక్కకు ఈడ్చేశాం. ఎనిమిదిన్నరకల్లా మొదటి పడవ సముద్రంలోకి పోయింది. సోమవారం లారీ ఎక్కాం.

కొత్త సెట్టు తర్వాత వచ్చింది, తళతళలాడుతూ. మంచిదే. దాంతో నాలుగేళ్ళు దిగాను, పెన్షను తెచ్చుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, ఇప్పుడిలా మీకు కబుర్లు చెబుతున్నాను. ఈ ఊపిరంతా ఎవరిచ్చిందో నాకు తెలుసు.

ఇప్పటికీ కళ్ళు మూస్తే కనిపించేది ఆ బురద నీళ్ళే. మనిషి కనిపించడు. వరినాట్లు వేసి కాయలు కాసిన చెయ్యి ఒకటి నీటి మీద నిలబడి, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది.