కాదనడం నేర్పిన గుమాస్తా

పంతొమ్మిదివందల యాభైలు ముగుస్తున్న రోజుల్లో కోట దగ్గర చేపలు పట్టే మావాళ్లకు, అధికారి ఏమడిగినా "అవునయ్యా" అనడమే మర్యాద. ఆ మర్యాదతోనే చెయ్యని నేరాలు ఒప్పుకొని జైలుకు పోయారు. కాదనే హక్కుందని ఒక్కరూ చెప్పలేదు, ఒక వకీలు గుమాస్తా తప్ప. ఆయన కోర్టు వరండాలో మేజిస్ట్రేటులా గొంతు పెంచి అడిగి, ప్రతివాడి చేతా "చెయ్యలేదు" అనిపించేవాడు; బోనెక్కగానే వాళ్లు మళ్లీ "అవునయ్యా" అనేవాళ్లు.

వల దొంగిలించాడని మా అన్న మీద కేసు పెట్టినప్పుడూ గుమాస్తా అలాగే వరండాలో నిలబెట్టి అడిగాడు.

"నేరం చేశావా?"

"అయ్యా..."

"చెయ్యలేదను అబ్బయా! రుజువు చెయ్యాల్సింది వాళ్లు."

"పెద్దాయనకి ఎదురు చెప్పేదెట్టన్నా?"

"జైల్లో కూర్చోని మర్యాద చేస్తావా?"

బోనులో అన్న చేతులు కట్టుకున్నాడు. "చెయ్యలేదయ్యా. క్షమించండి."

"దేనికి?" అన్నాడు మేజిస్ట్రేటు.

"కాదన్నందుకు."

కోర్టంతా నవ్వింది. గుమాస్తా నవ్వలేదు. మావాళ్ల కేసులో మేజిస్ట్రేటు సాక్షులను పిలవమనడం ఆ రోజే మొదటిసారి విన్నాను.