దొరసాని చీర మార్చుకున్న రోజు

నిన్న సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర రంగు చేపలూ చిలకలూ అమ్మే కొట్టుకు బొద్దింకల కోసం వెళ్ళాను. కౌంటర్ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "మీ మనవడి కోసమా ఆంటీ?" అని అడిగింది. నాకేనన్నాను. జరీ అంచు చీర కట్టుకుని, చేతిలో కూరగాయల సంచీ పట్టుకున్న రిటైర్డ్ లెక్కల టీచరు బొద్దింకలతో ఏం చేసుకుంటుందో ఆ పిల్లకు అంతుపట్టలేదు. పక్కన చేపల మేత కొంటున్న ఒకావిడ ఉండబట్టలేక, "మా ఇంటికి రండి, ఊరికే పట్టుకుపోదురు గాని, బోలెడున్నాయి" అంది. మందు కొట్టిన ఇంటి బొద్దింకలు పనికిరావనీ, శుభ్రంగా పెంచినవే కావాలనీ ఆవిడకు నడిబజార్లో వివరించే ఓపిక లేక నవ్వి, డబ్బులిచ్చి బయటపడ్డాను. చిల్లుల అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కితే, లోపల అవి బరబరా పాకే చప్పుడు. ఆ చప్పుడుకు ఆయన గుర్తొచ్చారు. రోజూ గుర్తొస్తారు, అది వేరే సంగతి. ఈ చప్పుడుతో వచ్చినప్పుడు మాత్రం గ్రీజు వాసనతో సహా వస్తారు.

మావారికి ఆటోనగర్లో లారీ స్పేర్ పార్టుల కొట్టుండేది. మనిషి ఆరడుగుల ఎత్తు, అందుకు తగ్గ లావు, గొంతు విప్పితే వీధి చివరికి వినపడేది. అలాంటి మనిషి ఒకరోజు కొట్టు మూసి వస్తూ వస్తూ, గాజు సీసాలో నల్లటి తేలును పట్టుకొచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. ఏదో లారీ టార్పాలిన్ మడతల్లో దొరికిందట. కుర్రాళ్ళు చెప్పు తీస్తుంటే మనసొప్పక తెచ్చారట. "చంపకపోతే చంపకపోయారు, అన్నం తినే బల్ల మీదకెందుకండీ?" అన్నాను. తెల్లారేసరికి దాని వీపు మీద బియ్యపు గింజల్లాంటి పిల్లలు! బాలింతను ఇంట్లోంచి ఎలా పంపిస్తామన్నారు ఆయన. అలా గుణదలలోని మా ఇంట్లో వెనక గది తేళ్ళ పరమైంది. చీకటి చేసి, దొంగనోట్లు పట్టే నీలం రంగు టార్చి వేస్తే అవి ఆకుపచ్చగా మెరిసేవి. మేరీమాత తిరునాళ్ళ రోజుల్లో మంచినీళ్ళ కోసం గేటు దగ్గర ఆగినవాళ్ళను కూడా పట్టుకుని, "రండి రండి, ఒక వింత చూపిస్తా" అని లోపలికి లాక్కొచ్చేవారు. కొందరు దణ్ణం పెట్టేవారు, కొందరు నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయేవారు.

తేళ్ళ తర్వాత దొరసాని వచ్చింది. చిలీ దేశపు సాలీడు, టరాంటులా అంటారు. బెంగుళూరు స్నేహితుడెవరో దూది పెట్టిన చిన్న డబ్బాలో ఇచ్చినప్పుడు బఠాణీ గింజంత ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ అరచేయంత అయింది. గులాబీ రంగు కలిసిన గోధుమ రంగు నూగుతో నెమ్మదిగా, ఎవరి మీదో అలిగినట్టు నడిచేది. పై దేశం నుంచి వచ్చింది కాబట్టి దొరసాని అని పేరు పెట్టారు. మా ఇంట్లో మొట్టమొదటి కూలర్ కొన్నది నాకోసం కాదు, దానికోసం. బెజవాడ ఎండలకు తట్టుకోలేదట. మే నెలలో నేను విసనకర్రతో విసురుకుంటుంటే అది అద్దాల పెట్టెలో చల్లగా కూర్చునేది. ఆ గదిలో మంచం వేసుకోమనేవారు గాని, నేనేం పిచ్చిదాన్నా?

ఆయన మాత్రం కొట్టు నుంచి రాగానే సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, దాన్ని అరచేతి మీదకు ఎక్కించుకునేవారు. ఆ పెద్ద మనిషి అప్పుడు ఊపిరి కూడా ఆచితూచి పీల్చేవారు. నాతో పెళ్ళయిన కొత్తల్లో కూడా అంత జాగ్రత్తగా లేరని దెప్పేదాన్ని. "నేనెవరో దానికి తెలీదోయ్. నా చెయ్యి దానికి కాస్త వెచ్చటి నేల, అంతే" అని నవ్వేవారు. తనెవరో కూడా తెలియని దానిమీద అంత ప్రేమేమిటో నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

అది ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కుబుసం విడిచేది. అంతకు ముందు తిండి మానేసేది. ఒకనాడు హఠాత్తుగా ఆయన పెట్టె మీద దుప్పటి కప్పేసి, గది తలుపు దగ్గరగా వేసి, "దొరసాని చీర మార్చుకుంటోంది, ఎవరూ లోపలికి రాకండి. కదిపితే ప్రాణానికే ముప్పు" అని గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవారు. నన్నే కాదు, మా అబ్బాయిని కూడా తొంగి చూడనిచ్చేవారు కాదు. అంతా అయ్యాక విడిచిన తొడుగును తెచ్చి చూపించేవారు, కాళ్ళూ నూగూ అన్నీ ఉన్న ఖాళీ సాలీడు. అందువల్ల చీర మార్చుకోవడమంటే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఆయన తప్ప ఎవరూ చూడలేదు.

ఆయన అక్కగారు, మా వదిన, కంకిపాడులో ఉంటుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. చిన్నప్పుడు గడ్డివాములో తేలు కుట్టి తెల్లార్లూ ఏడ్చిందట. అలాంటామె తమ్ముడింటికి వస్తే వీధి అరుగు మీదే కూర్చునేది. కాఫీ అక్కడికే తెప్పించుకునేది. "తేలు కనపడితే చెప్పుచ్చుకు కొట్టాలి గాని, అద్దాల మేడ కట్టి కాపరం పెట్టిస్తారట్రా? ఆ సాలీడు చూడు, నా చెయ్యంత ఉంది. ఛీ, ఛీ!" అని కేకలేసేది. ఆయన కావాలని దాన్ని చేతిమీద పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేవారు. వదిన చెప్పులు కూడా వదిలేసి వీధిలోకి పరుగు. అరవయ్యేళ్ళ తమ్ముడు, డెబ్బై దాటిన అక్క!

తర్వాత ఆయనకు జబ్బు చేసింది. లేచి తిరిగే ఓపిక తగ్గాక, కూచిపూడి దగ్గర కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పే స్నేహితుణ్ణి పిలిచి తేళ్ళన్నిటినీ అప్పగించేశారు. దొరసానిని మాత్రం ఇవ్వలేకపోయారు. తన మంచం కూడా ఆ కూలర్ గదిలోనే వేయించుకుని, పెట్టెను పక్కకు జరిపించుకున్నారు. మేత వేయడం నాకు నేర్పించారు. పట్టకారుతో బొద్దింకను పట్టుకుని నేను మొహం పక్కకు తిప్పుకుంటే, మంచం మీంచి నవ్వేవారు. ఆయన అన్నం మానేసిన రోజుల్లోనే అదీ మేత ముట్టడం మానేసింది. వచ్చిపోయే చుట్టాలంతా చూసి ముక్కున వేలేసుకున్నారు. నోరులేని జీవానికి ఎంత విశ్వాసమోనన్నారు. నేనూ నమ్మాను. అప్పటికి ఏది చెప్పినా నమ్మే స్థితిలో ఉన్నాను. ఆయన పోయారు.

అస్థికలు కృష్ణలో కలిపే రోజు ఉదయం, కిటికీ మూద్దామని ఆ గదిలోకి వెళ్ళిన వదిన గొల్లుమంది. పరుగెత్తుకెళ్తే, పెట్టెలో దొరసాని వెల్లకిలా పడి ఉంది, కాళ్ళు పైకి, కదలిక లేకుండా. "తమ్ముడితోనే పోయింది, అమ్మాయ్! వాడు లేని ఇంట్లో ఉండలేక పోయింది!" అని వదిన గుండెలు బాదుకుంది. ఇల్లంతా చేరింది. దాన్ని పెరట్లో పాతిపెడదామని ఎవరో అంటే వదిన ఒప్పుకోలేదు. "పెరట్లో పాతడానికి అదేం పురుగా? వాడితో పాటే కృష్ణలో కలుపుదాం" అంది. ఏనాడూ ఆ పెట్టె దరిదాపులకు రానిది, అడుగున పరిచిన కొబ్బరి పొట్టుతో సహా దాన్ని రెండు చేతులతో ఎత్తి స్వీటు డబ్బాలో పెట్టింది. చిటికెడు పసుపు చల్లి, ఒక బంతిపువ్వు ఉంచింది. నేను అడ్డు చెప్పలేదు. ఇక ఏదీ మిగలకపోవడమే మేలనిపించింది నాకు.

ఘాట్ మెట్ల మీద మా అబ్బాయి తడి పంచెతో కుండ పట్టుకుని నిలబడ్డాడు. ముందు ఆ డబ్బా కానివ్వండమ్మా అన్నారు పంతులుగారు. ఆయన చేతిలో తిరిగిన జీవం కదా, ఒక్కసారి చూసుకుందామని మూత తీశాను. దాని కాళ్ళు కదులుతున్నాయి. నడకలా కాదు. బిగుతు జాకెట్టులోంచి చేతులు లాక్కున్నట్టు, పాత కాళ్ళలోంచి తెల్లటి కొత్త కాళ్ళు కొద్దికొద్దిగా బయటికి వస్తున్నాయి. ఎవరూ లోపలికి రాకండి అంటూ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్న ఆయన కళ్ళకు కట్టారు. "అయ్యో! ఇది చావలేదర్రా! చీర మార్చుకుంటోంది!" అని అరిచాను. ఏమిటమ్మా అంటూ వంగి చూసిన పంతులుగారు కెవ్వున అరిచి వెనక్కి అడుగేసి మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగబడ్డారు.

నవ్వాల్సిన సమయమే గాని, నాకు నవ్వు రాలేదు. గుణదల నుంచి కారు కుదుపుల్లో తెచ్చాం. కదిపితే ప్రాణానికే ముప్పన్నారు ఆయన. ఆయన చేతుల్లో అన్నేళ్ళు బతికినదాన్ని మూడు రోజులు కూడా నిలుపుకోలేకపోయానా అని ఏడుపొచ్చింది. డబ్బాను మెట్టు మీద దించి దాని ముందు చతికిలబడ్డాను. వదిన వచ్చి పక్కన కూర్చుని, ఎండ పడకుండా పమిట చెంగు పట్టింది. వర్జ్యం వచ్చేస్తోందమ్మా అని పంతులుగారు తొందరపెడితే, "రానీండి. నా తమ్ముడు చేతులారా పెంచుకున్న జీవం. ఇది బైటపడ్డాకే వాణ్ణి నీళ్ళల్లో కలిపేది" అని గట్టిగా చెప్పింది. మా అబ్బాయి కుండను గుండెకు హత్తుకుని పై మెట్టు మీద కూర్చున్నాడు. అలా అందరం ఒక సాలీడు కోసం కృష్ణ ఒడ్డున కూర్చున్నాం. కాసేపటికి పంతులుగారు కూడా భయం మరిచి మా తలల మీంచి తొంగి చూస్తూ, "ఇంకొక్క కాలే ఉందమ్మా, వచ్చేస్తుంది, వచ్చేస్తుంది" అనసాగారు. ఆ చివరి కాలు చాలాసేపు రాలేదు. వచ్చాక అది పక్కకు ఒరిగి, పాలిపోయి, తడిగా, అలసిన బాలింతలా పడుకుంది. వదిన నా భుజం మీద తల పెట్టి తనివితీరా ఏడ్చింది. అప్పుడు ఆయన్ని నీళ్ళలో కలిపాం. పక్కన పడున్న ఖాళీ తొడుగును కూడా నేనే తీసి ఆ నీళ్ళలోనే వదిలాను. రెండూ కాస్త దూరం కలిసే వెళ్ళాయి.

దొరసాని ఇప్పుడు ముసలిది. ఆ గదిలోనే ఉంటుంది, నా మంచమూ ఆ గదిలోనే ఉంది. వదిన వస్తే అరుగు మీద కూర్చోవడం మానేసింది. నేరుగా లోపలికొచ్చి అద్దం దగ్గర నిలబడి, "తిన్నదా?" అని అడుగుతుంది. అది నన్ను ఎరుగదని నాకు తెలుసు, ఆయన్నీ ఎరుగదు. ఆయన వేళ్ళు తాకిన నూగు ఆ రోజే కృష్ణలో కలిసిపోయింది. ఇప్పుడు పెట్టెలో ఉన్నదాన్ని ఆయన ఒక్కసారి కూడా తాకలేదు. ఒక్కసారి వచ్చి తాకితే బాగుండుననిపిస్తుంది. గ్రీజు చేతులతోనైనా సరే, ఏమీ అనను. దానికి కాలం ఎప్పటికప్పుడు కొత్త చర్మం ఇచ్చి, పాతది విడిపించి పంపేస్తోంది. నేను మాత్రం ఆయన పట్టుకున్న ఈ చేతినే పట్టుకుని ఇన్నేళ్ళుగా బతుకుతున్నాను. కాలం దీన్ని ముడతలు పెట్టింది గాని, విడిపించలేదు.