రెండు ప్యానెళ్లు, మా ఆవిడ సండిగలు

ఇంతవరకూ నా మాట విన్నవాడు లేడు. కరెంటు ఆఫీసుకు ఐదు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. మూడోది ఏమైందో మాత్రం కళ్లారా చూశాను. నాలుగోది ఇవ్వడానికి వెళ్లినప్పుడు, గుమాస్తా బల్లకు పొట్టిగా ఉన్న కాలి కింద అది నాలుగు మడతల్లో ఉంది. నా చేతిరాత నాకు తెలియదా? అంతకుముందు ఊగే బల్ల ఆ రోజు ఊగలేదు. అది నేను మరిచిపోలేదు, మరిచిపోను.

సంగతి ఇది. కాటన్‌పేటలో మా మేడ చిన్నది. చుట్టూ పక్క ఇళ్ల గోడలు పైకి లేచినా మా మేడ మీద ఎండ మిగిలింది. ఆ ఎండ మా ఆవిడది. ఏటా వేసవిలో అక్కడ సండిగలు, అంటే బియ్యప్పిండి వడియాలు, పెట్టేది. నేను ఆ జాగాలో ఎనిమిది సోలార్ ప్యానెళ్లు పెట్టించాను. మనం వాడగా మిగిలిన కరెంటు వీధి తీగల్లోకి పోతుందనీ, దానికి బిల్లులో జమ వస్తుందనీ చెప్పి ఆమెను ఒప్పించాను. పెట్టించాక తెలిసింది, ఒక్కో ఇంటికి ఒక హద్దు ఉందట. అది దాటి పంపిన కరెంటు లెక్కలోకి రాదట. మా హద్దు ఆరు ప్యానెళ్లతోనే నిండిపోయింది. మిగతా రెండూ ఊరికి దానధర్మాలు చేస్తున్నాయి. వాటికి జమ ఎందుకు లేదన్నదే నా ఐదు ఉత్తరాల సారాంశం.

ఎండలు ముదరగానే మా ఆవిడ మేడ మీదికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మీ ఆఫీసోళ్లకి అక్కర్లేని రెండూ ఏవి?"

"ఏవని చెప్పేది? అన్నీ ఒకటే."

"అట్లయితే ఈ చివరి రెండూ నావి. వేసవి అయ్యేలోపల జవాబొస్తే మీరే ఉంచుకోండి. రాకుంటే విప్పించి నా జాగా నాకిచ్చేయండి."

మరునాడే పాత చీర తడిపి ఆ రెండింటి మీద పరిచి, మూలలు తాడుతో కట్టి, వరసగా సండిగలు వేసింది. కింద అద్దం కాగుతోంది, పైన ఎండ. నేల మీద మూడు రోజులు పట్టేవి ఒక్క రోజులోనే గలగలలాడాయి. "ఇన్నాళ్లకి మా ఇంటాయన సోలారు ఒక పనికొచ్చె" అంటూ వీధంతా పంచింది. ఎన్ని ఇళ్లలో ఆ మాట అన్నదో నాకు గుర్తుంది.

నెల తిరగ్గానే ఆఫీసు నుంచి ఒకాయన స్కూటర్ మీద వచ్చాడు. ఐదు ఉత్తరాలకు రాని మనిషి! కోలారు వైపు వాడు, ఇంట్లో తెలుగేనట.

"మీ మేడ నుంచి వచ్చే కరెంటు సడన్‌గా తగ్గిపోయిండాది సార్. మీటరేమన్నా ముట్టినారా?"

పైకి తీసుకెళ్లాను. ఆయన చీరను చూశాడు, నన్ను చూశాడు.

"ఇదేంది సార్ ఇది?"

"సండిగలప్పా," అంటూ మా ఆవిడ వేయించినవి పళ్లెంలో తెచ్చింది. "తిని చూడు."

"ఎంత తగ్గిందప్పా?" అని అడిగాను.

"రెండు ప్యానెళ్లంత సార్."

"ఆ రెండిటిదీ మీ లెక్కలోనే లేదంటిరి కదా! లేనిది తగ్గిందని మీకెట్లా తెలిసింది?"

ఆయన నోట్లో కరకర ఆగిపోయింది. "రీడింగ్‌లో కనిపిస్తాది సార్. జమకి మాత్రం తీసుకోరు. మీరు ఆఫీసులో రాసివ్వండి."

"ఐదు రాసినాను."

"ఇంకోటి రాయండి సార్," అని ఇంకో సండిగ తీసుకున్నాడు. పోతూ పోతూ, ప్యానెళ్లకు అడ్డం పెట్టకూడదని ఒక నోటీసు చేతిలో పెట్టాడు. ఆ ఆఫీసు నాకు రాసిన మొదటి అక్షరాలు అవే.

ఇంకా మూడు చీరలకు సరిపడా పిండి ఉందట. అది అయిపోతే ప్యానెళ్లు విప్పేవాణ్ణి పిలుస్తానంటోంది మా ఆవిడ. అందుకే ఆరో ఉత్తరం అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. ఆఫీసుకు ఇచ్చే ప్రతిని మడవడానికి వీల్లేకుండా అట్ట మీద రాశాను. ఎక్కువైనప్పుడు ఎవరికీ పట్టని కరెంటు, తగ్గగానే ఎవరికి కావలసి వచ్చింది? అయ్యా, ఆ పిండి అయిపోయేలోపల ఎవరో ఒకరు జవాబు చెప్పండి.