వద్దంటే మూసిన పెట్టె

తొంభైల్లో విశాఖలోని ఓ ఆస్పత్రిలో రోగులకు పాటలు వినిపించే కార్యక్రమాన్ని ఒక మేడం నడిపేవారు. హార్మోనియం పెట్టె వాయించేది నేను. వార్డులో ప్రతి మంచం దగ్గరా ఆగి, “పాడమంటారా, వద్దా?” అని అడిగేవారు. ఒక్కరు వద్దన్నా పెట్టె మూయించేసేవారు. నాకు ఒళ్లు మండేది.

ఓరోజు, కాలు తీసేసిన జాలరి తాత వద్దన్నాడు. మేడం సరేనని వెనక్కి తిరిగారు. మేం గుమ్మం దాటకముందే తాత పిలిచాడు.

“సూదొద్దన్నాను, పొడిసేసినారు. కాలు కొయ్యొద్దన్నాను, కోసేసినారు. ఇక్కడ నా మాట ఇన్నది నువ్వొక్కర్తివే. రేపు రా తల్లీ.”

మర్నాడు వెళ్లి అడిగారు.

“వద్దు,” అన్నాడు తాత, దర్జాగా. మేడం ముఖం వెలిగిపోయింది.

ఆ రోజుల్లో వాయించిన పాటలన్నీ మర్చిపోయాను. వాయించకుండా మూసిన ఆ పెట్టె మాత్రం గుర్తుంది.